‘మీ నాన్నేం చేస్తాడు?’ – పంతులుద్యోగానికి ఇదేం ప్రశ్న?

ఏప్రిల్, మే నెలలొచ్చాయంటే మన వాడల్లో బీఈడీ, డీఈడీ చదివిన పిల్లలు ఫైళ్ళు చంకన పెట్టుకొని బస్సులెక్కుతారు. ప్రైవేటు బళ్ళవాళ్ళు కొత్త సంవత్సరానికి టీచర్లని తీసుకునే కాలమది. పొద్దున పోయిన పిల్ల సాయంత్రం తిరిగొస్తే వాడంతా ఒకటే అడుగుతారు – "ఏమన్నారమ్మా?" అని. "చెప్తామన్నారు" అంటది. ఆ "చెప్తామన్నారు" అనే మాటకి అర్థమేందో మనకి తెలుసు.

ఇంటర్వ్యూలో తికమక ప్రశ్నలకి జవాబులు చెప్పే పుస్తకాలు బజార్లో కుప్పలుగా ఉన్నాయి. ఎట్లా నవ్వాలి, ఎట్లా కూర్చోవాలి, చేతులెక్కడ పెట్టుకోవాలి అన్నీ రాస్తారు. అవి రాసినవాళ్ళకి ఒక్క ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఎదురై ఉండదు. "మీదే ఊరు?" అని అడిగి, మనం ఊరి పేరు చెప్పాక, "ఊళ్ళో ఎటువైపు?" అని అడిగే ప్రశ్న. రామాలయం వీధా, చర్చి వైపా, చెరువు కిందా అని ఆరా తీసే ప్రశ్న. ఆ ప్రశ్నకి ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. కాబట్టి మనమే రాసుకోవాల.

సర్కారు బడిలో టీచరు పోస్టుకి ఇప్పుడు ఇంటర్వ్యూ లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ డీఎస్సీ పరీక్షకి 80 శాతం, టెట్‌కి 20 శాతం వెయిటేజి. అంతే లెక్క. ఒకప్పుడు ఇట్లా లేదు. 1998 డీఎస్సీలో రాత పరీక్ష తర్వాత ఇంటర్వ్యూ కూడా ఉండేది. జవాబు పత్రానికి మన ఇంటి పేరుతో పనిలేదు, మన నాయన చేతులకున్న కాయలతో పనిలేదు. అందుకే డీఎస్సీ అంటే మన వాడలకి అంత ఆశ. 2024లో తెలంగాణలో 11,062 పోస్టులకి, 2025లో ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టులకి డీఎస్సీ జరిగింది. మన పిల్లలు రాత్రింబవళ్ళు కూర్చొని చదివారు. కొందరు గెలిచారు. మరి మిగిలినోళ్ళ సంగతి? ప్రైవేటు బడి, కార్పొరేటు కాలేజీ, గెస్టు లెక్చరరు పోస్టు, కేంద్రీయ విద్యాలయం, విశ్వవిద్యాలయం – ఎక్కడికి పోయినా బల్లకి అవతల ముగ్గురో నలుగురో, ఇవతల మనోడు ఒక్కడు.

మేము సర్కారు బళ్ళో చేరకముందు రెండేళ్ళపాటు ఆ బల్లల ముందు కూర్చున్నాం. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా పాఠాలు చెబుతూ, సంఘం పని చేస్తూ, ఇంటర్వ్యూలకి పోయొచ్చిన మన పిల్లలు చెప్పేవన్నీ వింటూ వస్తున్నాం. మాకు అర్థమైంది ఒకటే. ఆ బల్ల మీద రెండు రకాల ప్రశ్నలుంటాయి. ఒకటి పని ప్రశ్న. రెండోది పుట్టుక ప్రశ్న.

పని ప్రశ్న అంటే పాఠం గురించి, పిల్లల గురించి అడిగేది. "ఆరో తరగతిలో చదవడం రాని పిల్లవాడుంటే ఏం చేస్తారు?" అని అడిగితే అది పని ప్రశ్న. ఎంత తికమకగా ఉన్నా అడగనీయండి. అడగాల్సిందే. పంతులు పిల్లల బతుకుతో పని చేసేవాడు, వాడికి ఎంత వచ్చో చూసుకోకుండా ఎట్లా తీసుకుంటారు?

పుట్టుక ప్రశ్న అట్లా కాదు. "మీ నాన్నేం చేస్తాడు?" "ఇంటి పేరేంది, పూర్తిగా చెప్పు." "ఫీజు రీయింబర్సుమెంటు మీద చదివావా?" "మీ వాళ్ళు మాంసం తింటారుగా, మా హాస్టల్లో కుదరదు మరి." "రిజర్వేషన్లో సీటొచ్చిందా, ఓపెన్లోనా?" వీటిల్లో ఒక్కదానికైనా, భిన్నాలు చెప్పడానికైనా, వ్యాకరణం చెప్పడానికైనా సంబంధముందా? జిల్లా కేంద్రంలో ఒక బడిలో మమ్మల్ని పావుగంట కూర్చోబెట్టి, లెక్కల మీద ఒక్క ప్రశ్న అడగలేదు. ఊరు, వీధి, నాయన పని, అమ్మ పని, మేనమామలేం చేస్తారు – ఇవే. మేము పోయింది లెక్కల పంతులుద్యోగానికి. వాళ్ళు అడిగినవి పెళ్ళి చూపుల్లో అడిగేవి.

ఇంకోటి గమనించండి. మనకన్నా ముందు లోపలికి పోయినవాడిని "కూర్చోండి, మీరు ఎక్కడ చదివారు?" అంటారు. మనం పోయి నాయన పని చెప్పాక అదే నోరు "నువ్వు" అంటది. ప్రశ్న మారలేదు. ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయింది. మార్కులు పడింది అక్కడే.

ఇదంతా మన అనుమానమేనా?

"మీకు అన్నిట్లోనూ కులమే కనపడతది" అని కొందరు మిత్రులు అంటుంటారు. మాకు కనపడటం కాదు, కోర్టులకీ చదువుకున్న పెద్దలకీ కూడా కనపడింది. చెబుతాం వినండి.

శ్రీనగర్‌లో ఒక ఇంజనీరింగు కాలేజీ సీట్ల గురించి అజయ్ హసియా అనే కేసు సుప్రీంకోర్టుకి పోయింది. రాత పరీక్షకి 100 మార్కులు, ఇంటర్వ్యూకి 50 మార్కులు పెట్టారు. ఒక్కొక్కరిని రెండు మూడు నిమిషాలు మాత్రమే కూర్చోబెట్టి, తల్లిదండ్రులెవరు, ఉండేదెక్కడ అని అడిగి పంపించారని విద్యార్థులు మొరపెట్టుకున్నారు. 1980 నవంబరులో కోర్టు తీర్పిచ్చింది. మొత్తం మార్కుల్లో మూడోవంతు ఇంటర్వ్యూకి పెట్టడం ఇష్టారాజ్యమేనంది. 15 శాతం దాటకూడదంది. ఇంటర్వ్యూని టేపు రికార్డరులో రికార్డు చేస్తే మంచిదని కూడా చెప్పింది. అప్పటికి సెల్‌ఫోన్లు లేవు. ఇప్పుడు ప్రతి జేబులో రికార్డరుంది. రికార్డు చేస్తున్న బోర్డులెన్నో వెతికి చూడండి.

1985లో అశోక్ కుమార్ యాదవ్ కేసులో, హర్యానా ఉద్యోగాలకి ఇంటర్వ్యూలో మామూలు అభ్యర్థులకి 22.2 శాతం, మాజీ సైనికులకి 33.3 శాతం మార్కులు పెట్టడం ఎక్కువని అదే కోర్టు చెప్పి, మామూలు అభ్యర్థులకి 12.2 శాతానికి మించొద్దంది. ఇంటర్వ్యూ మార్కులు ఎక్కువైతే పెద్దల పిల్లలకి దారి తెరుచుకుంటదని కోర్టుకే తెలిసిపోయింది.

2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ అనే ఇద్దరు ఒక పరీక్ష చేశారు. ఒకే చదువు, ఒకేలాంటి అర్హతలు, పేరు మాత్రం వేరు – ఒకటి పై కులం పేరు, ఒకటి దళిత పేరు, ఒకటి ముస్లిం పేరు. పేపర్లో ప్రకటనలిచ్చిన ప్రైవేటు కంపెనీలకి దరఖాస్తులు పంపారు. పై కులం పేరుకి వచ్చినన్ని పిలుపులు మిగతా పేర్లకి రాలేదు. ఇంటర్వ్యూ దాకా కూడా పోనక్కర్లేదు, కవరు మీది పేరే సరిపోయింది. ఆ ఏడాదే అశ్విని దేశ్‌పాండే, కాథరిన్ న్యూమన్ ఢిల్లీలో పెద్ద చదువులు చదివిన పిల్లల్ని కలిసి, ఉద్యోగ ఇంటర్వ్యూల్లో దళిత పిల్లల్ని కుటుంబ నేపథ్యం గురించీ, రిజర్వేషన్ల గురించీ ఎట్లా అడుగుతున్నారో రాశారు. 2016లో జేఎన్‌యూలో అబ్దుల్ నఫే కమిటీ రాత పరీక్ష మార్కుల్నీ ఇంటర్వ్యూ మార్కుల్నీ పక్కపక్కన పెట్టి చూసి, ఇంటర్వ్యూలో వివక్ష జాడ కనపడుతోందని చెప్పి, ఆ మార్కుల్ని 30 నుంచి 15కి తగ్గించమంది.

ఇక మన అనుమానమని ఎవరన్నా అంటే ఇవి చూపించండి.

దాచాలా, లేచి రావాలా?

ఈ పుట్టుక ప్రశ్నలకి ఏం చెయ్యాలనే దగ్గర మన సంఘాల్లోనే రెండు మాటలున్నాయి.

మొదటి మాట – "దాచెయ్. ఇంటి పేరు చెప్పొద్దు, నాన్న వ్యవసాయం చేస్తాడని చెప్పు, ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు." ఈ మాట చెప్పేవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఇంట్లో పొయ్యి వెలగాల గదా. కానీ ఒక్కసారి దాస్తే ఆగదు. రేపు స్టాఫ్‌రూములో క్యారేజీ విప్పేటప్పుడు దాచాల. చెల్లెలి పెళ్ళి కార్డు పంచేటప్పుడు దాచాల. ఏప్రిల్ 14న పిల్లలకి బాబాసాహెబ్ గురించి నాలుగు మాటలు చెప్పబోయి నోరు కట్టేసుకోవాల. క్లాసులో మన పిల్లవాడినే ఎవరన్నా కులం పేరు పెట్టి ఎగతాళి చేస్తే, వినపడనట్టు బోర్డు వైపు తిరగాల. ఆ ఉద్యోగం జీతం ఇస్తది గానీ పంతుల్ని మిగల్చదు.

రెండో మాట – "అవమానించే ప్రశ్న అడిగితే మొహాన కొట్టినట్టు చెప్పి లేచి వచ్చెయ్." వినడానికి బాగుంటది. మీటింగులో చెబితే చప్పట్లు కూడా పడతాయి. కానీ లేచొస్తే ఏమైతది? ఆ కుర్చీలో వాళ్ళనుకున్నవాడు కూర్చుంటాడు. వాళ్ళకి కావాల్సిందీ అదే. మన పిల్ల చదువుకి అప్పు చేసిన తల్లి ఆ అప్పు తీర్చాల. చప్పట్లు కొట్టినవాళ్ళు తీర్చరు.

మేము ఈ రెండూ వద్దంటాం. దాచొద్దు. ఊరికే లేచి రావొద్దు. పుట్టుక ప్రశ్నని పట్టుకొని పని ప్రశ్నగా మార్చి జవాబు చెప్పాల. బాబాసాహెబ్ 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా చేరినప్పుడు, తోటి ప్రొఫెసర్లు తమ కుండలో నీళ్ళు తాగొద్దని అభ్యంతరం పెట్టారు. అంత చదువుకీ దక్కిన మర్యాద అది. ఆయన కులం దాచలేదు, కాలేజీ వదిలి పారిపోలేదు. పాఠం చెప్పాడు. ఆయన పాఠం వినడానికి వేరే కాలేజీల పిల్లలు కూడా వచ్చేవాళ్ళు. కుండ దగ్గర ఓడించాలని చూసినవాళ్ళని తరగతి గదిలో గెలిచాడు.

అయితే ఒక హద్దుంది. కులం పేరు పెట్టి తిడితే, ఆడపిల్లతో తప్పుగా మాట్లాడితే, అక్కడ జవాబు లేదు. లేచి రావాల్సిందే. బయటికొచ్చాక ఏ తేదీ, ఎన్ని గంటలకి, ఎవరు, ఏ మాట అన్నారు, గదిలో ఇంకెవరున్నారు అని అప్పటికప్పుడు రాసుకోవాల. 1989 అట్రాసిటీ చట్టంలో కులం పేరుతో అవమానిస్తే శిక్ష ఉంది. కానీ పదిమంది చూసే చోట, వినే చోట జరగాలని అందులోనే ఉంది. నాలుగు గోడల మధ్య బయటి సాక్షి లేకుండా అన్న మాటకి అది అతకదని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి సాక్షి ఎవరనేది ముఖ్యం. ఒక్కరే పోకండి. గది బయట మనోడు ఒకడు కూర్చొని ఉండాల. తలుపు తెరిచి ఉందా మూసి ఉందా అనేది కూడా రాసుకోవాల.

ఏ ప్రశ్నకి ఏం చెప్పాల?

"మీ నాన్నేం చేస్తాడు?" – తల దించొద్దు, గొంతు పెంచొద్దు. "వ్యవసాయ కూలీ అండి. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదటిదాన్ని. ఇంటి దగ్గర చదివి చెప్పేవాళ్ళు లేని పిల్లలకి హోంవర్కు ఎట్లా ఇవ్వాలో, ఎక్కడ తప్పుతారో నాకు తెలుసు. మీ బళ్ళో అట్లాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారండి?" చివర్లో ప్రశ్న అడగడం మర్చిపోవద్దు. అక్కణ్ణించి మాట బడి మీదికి పోతది. వాళ్ళు చిన్నతనంగా చూడబోయిన దాన్నే మన అనుభవంగా చెప్పాం. అబద్ధం లేదు, బతిమాలడం లేదు.

"రిజర్వేషన్ల వల్ల మెరిట్ పోవడం లేదా?" – ముందు మనలో మనం నవ్వుకుందాం. ప్రైవేటు బడి ఉద్యోగంలో రిజర్వేషనే లేదు. లేని దాని గురించి అడుగుతున్నారంటే మనల్ని కదిలించి చూడటానికే. అక్కడ రాజ్యాంగం మీద అరగంట ఉపన్యాసం ఇవ్వకండి, వాళ్ళకి కావాల్సిన కోపం అదే. రెండు వాక్యాలు చాలు. "నేను చదివిన బీఈడీ సిలబసు, రాసిన పరీక్ష అందరితో పాటే అండి. నా మెరిట్ చూడాలంటే ఇప్పుడే ఏదో ఒక పాఠం ఇవ్వండి, చెప్పి చూపిస్తాను." ఇంకా పొడిగిస్తే, అశ్విని దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ అనేవాళ్ళు రైల్వేల లెక్కలు తీసి 2014లో అచ్చేసిన మాట చెప్పొచ్చు. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగులు పెరిగినందువల్ల రైల్వేల పని ఎక్కడా దెబ్బతిన్నట్టు వాళ్ళకి కనపడలేదు.

"మా బళ్ళో పెద్దింటి పిల్లలు చదువుతారు, నీ మాట వింటారా?" – "మొదటి వారం పేర్లు నేర్చుకుంటానండి. అందర్నీ పేరు పెట్టి పిలుస్తాను, అందర్నీ ఒకే రకంగా దిద్దుతాను. పాఠం అర్థమైతే పిల్లలు వింటారు. పిల్లలు టీచరు కులం అడగరండి, పెద్దవాళ్ళు నేర్పిస్తే తప్ప." చివరి వాక్యం చెప్పాలా వద్దా అనేది ఎదురుగా ఉన్న మొహాలు చూసి మీరే తేల్చుకోండి.

"అల్లరి చేసే పిల్లవాడిని కొడతావా?" – ఇది పని ప్రశ్నే. మంచి ప్రశ్న. చాలామంది ఇక్కడ జారిపోతారు. కొడతానంటే చట్టం తెలియదంటారు, కొట్టనంటే అదుపు చెయ్యలేవంటారు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 17వ సెక్షను కొట్టడాన్నీ, మనసు నొప్పించి వేధించడాన్నీ కూడా నిషేధించింది. "కొట్టనండి, చట్టం ఒప్పుకోదు. అల్లరి ఎప్పుడు చేస్తున్నాడో చూస్తాను. పాఠం అర్థం కాక చేస్తున్నాడా, ఆకలితో చేస్తున్నాడా, కళ్ళు కనపడక చేస్తున్నాడా అని. ముందు బెంచీలో కూర్చోబెట్టి చిన్న పని అప్పజెప్తాను. వాళ్ళమ్మతో మాట్లాడతాను." బెత్తం దెబ్బ, దాంతో పాటు "మీ జాతే అంత" అనే మాట దెబ్బ ఎట్లా ఉంటాయో మనకన్నా బాగా చెప్పగలిగేది ఎవరు? ఈ జవాబు మన నోట్లోంచి వస్తే దానికి బరువుంటది.

"తెలియని ప్రశ్న క్లాసులో ఎవరన్నా అడిగితే?" – "రేపు చూసి చెప్తానని చెప్పి, మర్నాడు మర్చిపోకుండా చెప్తాను." ఇంటర్వ్యూలో మనకే తెలియని ప్రశ్న వస్తే కూడా ఇదే. "తెలియదండి, ఫలానా పుస్తకంలో చూస్తాను." తెలియనిది తెలిసినట్టు నటిస్తే అవతలివాడు పట్టుకుంటాడు.

"ఇంగ్లీషులో మాట్లాడు." – మన పిల్లల్లో సగం మంది వణికేది ఇక్కడే. చిన్న చిన్న వాక్యాలు. మన గురించి, మన సబ్జెక్టు గురించి, ఒక పాఠం ఎట్లా చెబుతామో దాని గురించి – ఈ మూడింటి మీద పది పది వాక్యాలు రాసుకొని, నోటికి అలవాటయ్యేదాకా అద్దం ముందు కాదు, మనుషుల ముందు చెప్పాల. యాస గురించి సిగ్గుపడే పనిలేదు. ప్రతి వాడికీ ఒక యాస ఉంది, పెత్తందారుడి యాసకి మాత్రం భాష అని పేరు పెట్టారు.

"పెళ్ళెప్పుడు చేసుకుంటావు? పిల్లల్ని కంటావా?" – ఆడపిల్లలకి మాత్రమే ఈ ప్రశ్న. మన ఆడపిల్లలకి కులం దెబ్బ మీద ఇది రెండో దెబ్బ. "ఈ విద్యా సంవత్సరం మధ్యలో మానేసే ఆలోచన లేదండి" అని చెప్పి ఆపెయ్యండి. అంతకు మించి వాళ్ళకి అనవసరం. మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు జీతంతో సెలవనేది 2017 నుంచి చట్టంలో ఉంది. మాటల్లో ఆ హక్కుని వదులుకోవద్దు.

డెమో, జీతం, సర్టిఫికెట్లు

చాలాచోట్ల డెమో పాఠం చెప్పమంటారు. డెమో మన బలం అని మేము గట్టిగా నమ్ముతాం. అక్కడ మాట్లాడేది నాయన పని కాదు, బోర్డు మీద సుద్దముక్క. పుస్తకంలో ఉన్న లెక్కే చెప్పనక్కర్లేదు. "ముగ్గురు ఆడవాళ్ళు కలిసి 48 కిలోల పత్తి తీశారు. కిలోకి 12 రూపాయలు. మొత్తం ఎంత? తలా ఎంత?" 576, తలా 192. "మేస్త్రీ ఒక్కొక్కరికి 180 ఇచ్చాడు. ఎంత మింగాడు?" గుణకారం, భాగహారం, తీసివేత మూడూ వచ్చినయి. పిల్లవాడు కళ్ళు పెద్దవి చేసుకొని వింటాడు, ఎందుకంటే ఆ లెక్క వాళ్ళింట్లోదే. పదినిమిషాల డెమోకి ఒకే ఒక్క విషయం తీసుకోండి. పాఠం మధ్యలో రెండుసార్లన్నా పిల్లల్ని ప్రశ్న అడగండి. ఆఖరి బెంచీ వైపు చూడండి. మనం ఆఖరి బెంచీ నుంచే వచ్చాం గదా.

జీతం దగ్గర మూడు ఉచ్చులుంటాయి. ఒకటి – "ఎంతకి చేస్తావు?" సంతలో గొడ్డుని అడిగినట్టు. ఆ ఊళ్ళో అదే పనికి ఎంతిస్తున్నారో ముందు తెలుసుకొని పోయి, ఒక అంకె చెప్పండి. "మీ ఇష్టం" అనొద్దు. మీ ఇష్టమంటే వాళ్ళిష్టమే. పన్నెండు నెలలకి ఇస్తారా, పది నెలలకా అని కూడా అడగండి. రెండు – "ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టు." చూపించండి, జిరాక్సులివ్వండి, ఒరిజినల్ మాత్రం ఇవ్వొద్దు. సర్టిఫికెట్లు ఇరుక్కుపోయి డీఎస్సీ దరఖాస్తు పెట్టుకోలేక ఏడ్చిన పిల్లల్ని మేము చూశాం. మూడు – "వేసవిలో ఎన్ని అడ్మిషన్లు తెస్తావు? మీ వాడ నుంచి ఎంతమందిని చేర్పిస్తావు?" అంటే పంతులుద్యోగం కాదు, బేరగాడి ఉద్యోగం. మన వాడ పిల్లల్ని సర్కారు బడి నుంచి పీకి, ఫీజులు కట్టలేని చోట పడేసే పని మన చేత చేయిస్తారన్నమాట. "పాఠం చెప్పే బాధ్యత నాదండి, అడ్మిషన్లు ఆఫీసు పని" అనండి. ఉద్యోగం పోవచ్చు. అట్లాంటి చోట ఆర్నెల్లలో ఎటూ పోయేదే.

ఒక్కడి పని కాదు, వాడ పని

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక్కొక్కరు చేసుకునేవి. కానీ ఈ సమస్య ఒక్కొక్కరిది కాదు. పెద్దింటి పిల్లవాడు ఇంటర్వ్యూకి పోయే ముందు మేనమామ ఫోను చేస్తాడు, బాబాయి ఎట్లా మాట్లాడాలో చెబుతాడు. అన్నం తినేటప్పుడే వాడికి శిక్షణ అయిపోతది. దానికి ‘కుటుంబ నేపథ్యం’ అని పేరు. మన పిల్లవాడికి ఆ నేపథ్యం వాడే ఇవ్వాల.

అందుకని సంఘాల కార్యకర్తలకి మేము చెప్పేది ఇది. ఆదివారం పూట కమ్యూనిటీ హాల్లోనో, చర్చి అరుగు మీదనో, బడి వరండాలోనో ఒక బల్ల వెయ్యండి. అవతల రిటైరైన మాస్టారు, ఉద్యోగం చేస్తున్న మనమ్మాయి, సంఘం పెద్ద ఒకరు కూర్చోవాల. ఇవతల ఇంటర్వ్యూకి పోబోయే పిల్ల. పైన చెప్పిన ప్రశ్నలన్నీ అడగండి, ‘నువ్వు’ అని కూడా అడగండి. మొదటిసారి ఏడుపొస్తది. మనోళ్ళ ముందు ఏడిస్తే ఫరవాలేదు. మూడోసారికి నవ్వొస్తది. నాలుగోసారికి జవాబొస్తది. తల్లిదండ్రులు కూడా వచ్చి కూర్చోవాల. తన పని గురించి బిడ్డ తలెత్తి చెప్పడం ఆ తల్లి ఒక్కసారి వినాల.

రెండోది, ఒక నోటుపుస్తకం పెట్టండి. ఇంటర్వ్యూ నుంచి వచ్చిన ప్రతి ఒక్కరూ ఆ సాయంత్రమే ఏ బడి, ఏ తేదీ, ఏమేం అడిగారు, ఎంతసేపు, డెమో చెప్పించారా లేదా రాయాల. ఏడాదికి ఆ పుస్తకమే మనకి సాక్ష్యం. పది మందిని ఒకే బళ్ళో ఒకే పుట్టుక ప్రశ్న అడిగారని కాగితం మీద ఉంటే, డీఈఓ దగ్గరికైనా ఎస్సీ కమిషను దగ్గరికైనా పోయినప్పుడు "మీకు అనిపించింది" అనడానికి వీలుండదు. సర్కారు సంస్థలు, విశ్వవిద్యాలయాలయితే సమాచార హక్కు చట్టం కింద మన రాత మార్కులెన్ని, ఇంటర్వ్యూ మార్కులెన్ని అని అడగండి. రాతలో ముందుండి ఇంటర్వ్యూలో వెనకపడ్డ పేర్లన్నీ ఒకచోట రాస్తే కథ అదే చెబుతది.

మూడోది, డిమాండు. కేంద్ర ప్రభుత్వంలో కింది స్థాయి ఉద్యోగాలకి 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు తీసేశారు. కింద తీసేసి పైన గట్టిచేశారు. 2018 యూజీసీ నిబంధనల్లో విశ్వవిద్యాలయం అసిస్టెంటు ప్రొఫెసరు పోస్టుకి చదువు మార్కులు ఇంటర్వ్యూకి పిలవడం వరకే, ఎంపిక మాత్రం ఇంటర్వ్యూ మీదనే అని రాశారు. పీహెచ్‌డీ చేసి, నెట్ రాసి, వ్యాసాలు అచ్చేసుకొని పోయిన మనోడికి ఆ పావుగంటలో "తగినవారు దొరకలేదు" అని రాస్తారు. పోస్టు ఖాళీగా ఉంటది. 2019లో కేంద్ర విద్యాసంస్థల్లో టీచర్ల రిజర్వేషన్లకి చట్టం వచ్చింది. చట్టం కుర్చీ చూపించింది. కూర్చోబెట్టే చెయ్యి మాత్రం ఆ బోర్డుదే. మనం అడగాల్సింది ఇది – ఇంటర్వ్యూ మార్కులు కోర్టు చెప్పిన హద్దు దాటొద్దు. రికార్డు చెయ్యాల. పుట్టుక ప్రశ్నలు అడగొద్దని రాతపూర్వకంగా ఉండాల. "తగినవారు లేరు" అని రాస్తే ఎందుకు లేరో ఒక్కొక్కరి పేరు మీద కారణం రాయాల. ప్రైవేటు బళ్ళు టీచర్ల అర్హత, జీతం గోడ మీద పెట్టాల. ప్రైవేటు బళ్ళ ఉద్యోగాల్లోనూ మన వాటా మనకి రావాల.

ఆఖరుగా, ఇప్పటికే ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్ళకి ఒక మాట. మనలో కొందరు హెడ్మాస్టర్లయ్యారు, ప్రిన్సిపాళ్ళయ్యారు, ఎంపిక బోర్డుల్లో కూర్చుంటున్నారు. బల్లకి అవతలి కుర్చీ దొరికిన రోజున, పక్కవాడు "మీ నాన్నేం చేస్తాడమ్మా?" అని మొదలుపెడితే మీరు కాగితాల్లోకి చూస్తూ కూర్చోకండి. "ఆ ప్రశ్న వద్దు సార్, పాఠం అడుగుదాం" అనండి. అంత చిన్న మాట చాలు. ఎదురుగా కూర్చున్న పిల్ల సగం ఇంటర్వ్యూ అక్కడే గెలుస్తది. ఆ కుర్చీలో మనం కూర్చున్నందుకు ఈ మాత్రం అన్నా తేడా రాకపోతే, మన వాడ కూలిడబ్బులు పోగేసి మనల్ని చదివించింది ఎందుకు?